బహువిశ్వాల ఊహ, అన్నంభట్టు తర్కం

(తత్త్వశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని అక్షరబద్ధం చేశాం.)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం బహువిశ్వ సిద్ధాంతాలు, వాటిని ఆధారంగా చేసుకుని తాత్త్విక ఊహకు ఉన్న విలువ. ఈ విషయం ఎత్తగానే సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. మన కంటికి కనిపించని, మన పరికరాలకు ఎన్నటికీ అందని విశ్వాల గురించి మాట్లాడటం కాలక్షేపమే తప్ప జ్ఞానం కాదన్నది మొదటి మాట. పేరున్న భౌతిక శాస్త్రవేత్తలే చెబుతున్నారు కాబట్టి ఇతర విశ్వాలు ఉన్నట్టే లెక్క అన్నది రెండో మాట. ఈ రెండింటినీ నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికి నాకు దొరికిన మంచి దారి మనకు చాలా దగ్గరిది. అది పదిహేడో శతాబ్దపు అన్నంభట్టు దగ్గర ఉంది.

అన్నంభట్టు ఆంధ్రుడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడు అని పండితుల్లో ఒక నానుడి ఉంది, మీలో సంస్కృతం చదివినవారు వినే ఉంటారు. న్యాయ వైశేషిక దర్శనాలను మొదలుపెట్టే పిల్లల కోసం ఆయన తర్కసంగ్రహం అనే చిన్న గ్రంథం రాశారు. అందులో అనుభవాన్ని యథార్థం, అయథార్థం అని రెండుగా విభజించి, అయథార్థాన్ని మళ్లీ మూడుగా విభజిస్తారు. దూరాన నిలబడి ఉన్నది మోడా, మనిషా అని తేల్చుకోలేకపోవడం సంశయం. ముత్యపు చిప్పను చూసి వెండి అనుకోవడం విపర్యయం. ఇక మూడోది ఏమిటో చూడండి. మూడోది తర్కం! పుస్తకం పేరులోనే ఉన్న తర్కాన్ని, ఆ శాస్త్రానికంతటికీ పేరుగా నిలిచిన తర్కాన్ని, ఆయన తీసుకెళ్లి అయథార్థానుభవాల వరుసలో కూర్చోబెట్టారు. ఎందుకు? ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇది: నిప్పు లేకపోతే పొగ కూడా ఉండకూడదు. కొండ మీద పొగ కనిపిస్తూనే ఉంది. అయినా ఒక్క క్షణం నిప్పు లేదని అనుకుని చూస్తున్నాం. లేనిదాన్ని ఆరోపించి, దాని వెంట ఏది రావాలో అది కూడా ఆరోపిస్తున్నాం. ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకోవడం కాదు కనుక ఇది యథార్థ జ్ఞానం కాదు.

మరి అలాంటప్పుడు దాన్ని విపర్యయంలోనే కలిపేయవచ్చు కదా, వేరే పేరు ఎందుకు? ఈ ప్రశ్న ఆయనకూ వచ్చింది. తన గ్రంథానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో జవాబు ఇచ్చారు. తర్కం నిజానికి విపర్యయంలోనే చేరుతుంది, అయినా ప్రమాణానికి, అంటే సరైన జ్ఞానాన్ని ఇచ్చే సాధనానికి, తోడ్పడుతుంది కాబట్టి దాన్ని విడిగా చెప్పాం అన్నారు. ఒక్కసారి ఆలోచించండి. అది జ్ఞానం కాదు. జ్ఞానానికి సాయం చేసేది. ఈ రెండు ముక్కలనూ కలిపి పట్టుకోగలిగితే ఈ రోజు విషయంలో సగం దారి నడిచినట్టే. బహువిశ్వాలను నిశ్చయంగా ఉన్నాయని చెప్పేవారు మొదటి ముక్కను వదిలేస్తున్నారు, అవి వట్టి కాలక్షేపమని చెప్పేవారు రెండో ముక్కను వదిలేస్తున్నారు.

ఇప్పుడు బహువిశ్వాలు అంటే ఏమిటో కొంచెం చూద్దాం. ఇది ఒక సిద్ధాంతం పేరు కాదు, ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని అనేక ఊహలకు పెట్టిన ఉమ్మడి పేరు. 1957లో ప్రిన్స్‌టన్‌లో హ్యూ ఎవరెట్ తన పరిశోధనలో, క్వాంటం సమీకరణాన్ని ఎక్కడా ఆపకుండా చివరిదాకా నమ్మితే ఒక కొలతకు సాధ్యమైన ఫలితాలన్నీ వేర్వేరు శాఖల్లో జరుగుతాయని చెప్పినట్టయింది. 1980ల్లో అలన్ గూత్, ఆంద్రే లిండే, అలెగ్జాండర్ విలెంకిన్ వంటివారు, తొలి క్షణాల్లో విశ్వం విపరీతమైన వేగంతో వ్యాకోచించిందనే ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతాన్ని అభివృద్ధి చేస్తూ పోతే, ఆ వ్యాకోచం ఒకచోట ఆగినా ఇంకోచోట సాగుతూనే ఉంటుందని, ఆగిన ప్రతిచోటా ఒక విశ్వం ఏర్పడుతుందని తేలింది. మూల కణాలను అతి సన్నని తీగల కంపనాలుగా చూసే స్ట్రింగ్ సిద్ధాంతం వచ్చి ఆ విశ్వాల్లో భౌతిక నియమాలు కూడా తేడాగా ఉండవచ్చునంది. అలాంటి అమరికలు 1 పక్కన 500 సున్నాల స్థాయిలో ఉండవచ్చని ఒక అంచనా. వీటికి పూర్తిగా వేరుగా, భౌతిక శాస్త్రంతో పని లేకుండా, డేవిడ్ లూయిస్ అనే తత్త్వవేత్త సాధ్యమైన ప్రతి లోకమూ మన లోకమంత నిజమేనని 1986లో ఒక పుస్తకమంతా వాదించాడు. వాన సకాలంలో పడి ఉంటే పంట దక్కేది అని మనం అంటాం కదా, ఆ మాట నిజమో అబద్ధమో ఏది నిర్ణయిస్తుందన్నది లూయిస్ ప్రశ్న. అది గొప్ప ప్రశ్న, కాని దానిలోకి వెళితే ఈ సాయంత్రం చాలదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడని మనం వేంకటేశ్వరుణ్ణి కొలుస్తాం. బ్రహ్మాండాలు కోట్లన్న భావన మన పురాణాల్లో ఉంది, యోగవాసిష్ఠంలో రాతిలో లోకాలు, ఆ లోకాల్లో మళ్లీ లోకాలు ఉన్నాయి. ఆ భావనకు నేను చేతులు జోడిస్తాను. అయితే దాన్ని చూపించి, ఇదంతా మనవాళ్లు ఎప్పుడో చెప్పేశారని అనడం ఆ గ్రంథాలకూ మేలు కాదు, భౌతిక శాస్త్రానికీ మేలు కాదు. భగవంతుని మహిమ ముందు మనిషి ఎంత చిన్నవాడో తెలియజెప్పడానికి వచ్చిన మాట అది. ఆ పని అది చేసింది. అది ఇలా అయితే అది అలా ఉండాలి అనే ముడి వేయడానికి వచ్చిన మాట కాదు. అన్నంభట్టు అడిగే ముడి అదే. ఆరోపించిన దాని వెంట ఇంకేదో తప్పనిసరిగా రావాలి. ఏదీ రాకపోతే అది భక్తి కావచ్చు, కవిత్వం కావచ్చు, తర్కం మాత్రం కాదు.

ముడి వేసిన ఊహ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1755లో, 30 ఏళ్ల వయసులో, ఇమ్మాన్యుయేల్ కాంట్ తన పేరు వేసుకోకుండా ఒక పుస్తకం రాశాడు. ప్రచురణకర్త దివాలా తీయడం వల్ల అది పాఠకులకు సరిగా చేరనే లేదు. అప్పటికే టెలిస్కోపుల్లో కొన్ని మసక మరకలు కనిపిస్తున్నాయి, అవేమిటో ఎవరికీ తెలియదు. కాంట్ ఇలా ఆలోచించాడు. మన పాలపుంత బల్లపరుపుగా గుండ్రంగా పరచుకున్న నక్షత్రాల సమూహమైతే, అలాంటి సమూహాలు బయట ఇంకా ఉంటే, వాటిని చాలా దూరం నుంచి చూసినప్పుడు మనకు ఎదురుగా తిరిగి ఉన్నవి గుండ్రంగానూ, ఏటవాలుగా ఉన్నవి కోలగానూ కనిపించాలి. ఆ మరకలు అలాగే ఉన్నాయి! ఇది రుజువా? కాదు. కోలగా కనిపించడానికి వేరే కారణాలు ఉండవచ్చు. కాని ముడి పడింది. 1920 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో హార్లో షాప్లీ, హీబర్ కర్టిస్ ఇదే విషయం మీద వాదించుకున్నప్పటికి కూడా తేలలేదు. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ మీది 100 అంగుళాల టెలిస్కోపుతో, ఆ మరకల్లో ఒకటైన ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్ నక్షత్రాన్ని గుర్తించి, దాని కాంతి హెచ్చుతగ్గుల కాలాన్ని బట్టి దూరం లెక్క కట్టిన తరువాతే తేలింది. కాంట్ రాసిన నాటికీ ఆ రాత్రికీ మధ్య 168 ఏళ్లు. ఆ 168 ఏళ్లలో ఆ ఊహను ఎవరైనా కాలక్షేపమని కొట్టిపారేసి ఉంటే, వాళ్ల మాటను తప్పని చూపించే పరికరం భూమి మీద లేదు.

పరికరానికి అందనిది ఎప్పటికీ అందదని ఎవరు చెప్పగలరు? చెప్పినవారు ఉన్నారు. 1835లో అగస్త్ కోమ్ట్ చెప్పాడు. ఖగోళ వస్తువుల ఆకారం, దూరం, పరిమాణం, కదలిక మనం తెలుసుకోగలం, కాని అవి ఏ పదార్థాలతో తయారయ్యాయో ఎన్నటికీ తెలుసుకోలేం అన్నాడు. ఆయన అజ్ఞాని కాదు. ఆ రోజుల్లో సైన్సును అంత శ్రద్ధగా చదివిన తత్త్వవేత్తలు తక్కువ. 1859లో హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్‌సెన్ వర్ణపటంలోని గీతలను బట్టి మూలకాలను గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టారు. కోమ్ట్ అప్పటికి చనిపోయి రెండేళ్లు. ఆ తరువాత జరిగింది మన గుంటూరులో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశం మీదుగా వెళ్లినప్పుడు పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త తన వర్ణపట దర్శినిని గుంటూరుకు తెచ్చి, సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని పరిశీలించాడు. అందులో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి, అవి ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే గ్రహణం లేకుండా కూడా చూడవచ్చునని ఆయనకు తోచింది, మరునాడే చూశాడు. ఆ జ్వాలల్లోని ఒక పసుపు గీత భూమి మీద అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తరువాత నార్మన్ లాక్యర్ తదితరుల పరిశీలనల్లో తేలింది. దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద దాన్ని 1895లో గాని పట్టుకోలేకపోయారు. మన ఊళ్లలో గుంటూరు గురించి ఎన్నో చెప్పుకుంటాం, దీన్ని ఇంకా గట్టిగా చెప్పుకోవాలని నా కోరిక.

అయితే మీలో కొందరికి ఇప్పటికే ఒక అభ్యంతరం తట్టి ఉంటుంది, తట్టాలి కూడా. నెగ్గిన ఊహలనే ఏరి చెబుతున్నారు, ఓడిపోయినవి ఎన్ని లేవు? కాంట్ ఊహ చివరికి టెలిస్కోపుకు అందింది, ఇతర విశ్వాలు అందవు కదా? న్యాయమైన ప్రశ్న. అందుకని ఇప్పుడు ఓడిపోయిన ఊహ దగ్గరికి వస్తాను. ఈ రోజు నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నెమ్మదిగా వెళతాను.

లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ పేరు మీకు తెలుసు. వేడి వస్తువు చల్లారుతుంది, కలిసిన పాలూ నీళ్లూ వాటంతట అవి విడిపోవు, మొత్తం మీద ఎంట్రోపీ, అంటే అస్తవ్యస్తత, పెరుగుతుంది తప్ప తగ్గదు అనే నియమానికి ఆయన అణువుల లెక్కతో అర్థం చెప్పాడు. అస్తవ్యస్తంగా ఉండే విధానాలు లెక్కలేనన్ని, క్రమంగా ఉండే విధానాలు కొన్ని. అందుకే క్రమం చెదురుతుంది. మరి అలాగైతే ఈ పాటికి అంతా చెదిరిపోయి ఉండాలి కదా? సూర్యుడు ఇంకా ఎందుకు వేడిగా ఉన్నాడు? మన చుట్టూ ఇంత క్రమం ఎలా మిగిలింది? దీనికి 1895లో నేచర్ పత్రికలో ఆయన ఒక సమాధానం ప్రచురించాడు, ఆ ఆలోచన తన పాత సహాయకుడు డాక్టర్ షూట్జ్‌దని నిజాయితీగా చెప్పాడు కూడా. ఆ సమాధానం ఇది. విశ్వం మొత్తం ఎప్పుడో చల్లారి సమస్థితికి చేరిపోయింది. కాని అది ఊహకందనంత పెద్దది. అంత పెద్ద విశ్వంలో, అంత దీర్ఘకాలంలో, ఎక్కడో ఒకచోట కేవలం కాకతాళీయంగా క్రమం ఏర్పడుతుంది, కొంతకాలం నిలిచి చెదిరిపోతుంది. అలా ఏర్పడిన ఒక్కొక్క ప్రాంతమూ ఒక లోకం. ప్రాణులు అలాంటి ప్రాంతాల్లోనే పుట్టగలవు కాబట్టి, మనం కళ్లు తెరిచి చూస్తే అలాంటి ప్రాంతమే మన చుట్టూ కనిపిస్తుంది.

ఇంతకంటే స్పష్టమైన బహువిశ్వ సిద్ధాంతం ఉంటుందా? అనేక లోకాలు ఉన్నాయి, అవి ఒకదానికొకటి అందవు, మనం ఉండగలిగిన చోటనే మనం ఉన్నాం. ఈ చివరి ఆలోచనకు బ్రాండన్ కార్టర్ 1973లో పేరు పెట్టి చర్చకు తెచ్చాడు. బోల్ట్‌జ్‌మన్ అంతకు దాదాపు 80 ఏళ్ల ముందే దాన్ని వాడాడు.

మరి ఈ సిద్ధాంతం ఏమైంది? కూలిపోయింది. ఎలా కూలిపోయిందన్నది చూడండి. బోల్ట్‌జ్‌మన్ లెక్క ప్రకారమే, కాకతాళీయంగా చిన్న క్రమం ఏర్పడటం కంటే పెద్ద క్రమం ఏర్పడటం అపారంగా అరుదు. మనం బతకడానికి ఒక సూర్యుడు, ఒక భూమి చాలు. మన లోకం కాకతాళీయంగా ఏర్పడినదైతే, సౌరకుటుంబం దాటి చూసినప్పుడు ఏ క్రమమూ కనిపించకూడదు, చల్లారిన అస్తవ్యస్తత కనిపించాలి. కాని ఎక్కడ చూసినా నక్షత్రాలు, నక్షత్రాల సమూహాలు, ప్రతి కొత్త టెలిస్కోపుతోనూ మరింత దూరాన అదే క్రమం. అంటే ఇది కాకతాళీయం కాదు. నిప్పు లేకపోతే పొగ ఉండకూడదు, పొగ ఉంది. అన్నంభట్టు వాక్యం యథాతథంగా ఇక్కడ పని చేస్తోంది! ఆర్థర్ ఎడింగ్టన్ 1931లో ఈ దారినే వెళ్లాడు. దీన్ని ఇంకా చివరిదాకా లాగినవారు, సూర్యుడూ భూమీ కూడా అక్కర్లేదు, తప్పుడు జ్ఞాపకాలతో శూన్యంలో ఒక్క క్షణం మెరిసే ఒంటరి మెదడు ఏర్పడటమే అన్నిటికంటే సులభం అన్నారు. దానికి ఈ శతాబ్దంలో బోల్ట్‌జ్‌మన్ మెదడు అని పేరు వచ్చింది. మన లోకం కాకతాళీయమని నమ్మితే మనం అలాంటి మెదళ్లమేనని నమ్మాలి, అలా నమ్మితే ఆ సిద్ధాంతాన్ని మనకు నేర్పిన పరిశీలనలన్నీ అబద్ధమవుతాయి. కొమ్మ మీద కూర్చుని అదే కొమ్మను నరుక్కోవడం అది.

ఇక్కడ ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ ఇతర లోకాల్లో ఒక్కదాన్నైనా ఎవరైనా చూశారా? చూడలేదు. చూసే వీలు ఉందా? లేదు. అయినా ఆ సిద్ధాంతం తప్పని తేలిందా, లేదా? తేలింది. కనిపించని లోకాల గురించిన ఊహను, కనిపించే ఆకాశంతో, కేవలం విచారణతో ఓడించగలిగారు. అందని విశ్వాల గురించిన మాటలను పరీక్షించడం అసాధ్యమని అనేవారికి నా జవాబు ఇదే. ఆ సిద్ధాంతం 1895లో ప్రచురితమైంది, పరీక్షకు గురైంది, ఓడిపోయింది.

దీనిలోనే ఇంకొక విషయం ఉంది. బోల్ట్‌జ్‌మన్ అదే దశాబ్దంలో మరో కనిపించని వస్తువు కోసం పోరాడుతున్నాడు. పరమాణువు కోసం. ఎర్న్‌స్ట్ మాక్, విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ వంటి పెద్దలు పరమాణువులను ఎవరు చూశారని నిలదీశారు. బోల్ట్‌జ్‌మన్ 1906లో మరణించాడు. ఆ తరువాత కొద్ది సంవత్సరాల్లోనే, ఐన్‌స్టైన్ 1905లో వేసిన లెక్కను ఆధారం చేసుకుని, జీన్ పెర్రిన్ నీటిలో తేలే సూక్ష్మ కణాల కదలికలను కొలిచి పరమాణువుల సంఖ్యనే తేల్చాడు. ఒకే మనిషి, ఒకే కాలం, రెండు ఊహలు. పరమాణువు నిలిచింది, కాకతాళీయ లోకాలు నిలవలేదు. ఆ రోజున రెండూ కంటికి కనిపించనివే. కనిపించనిదాని గురించి మాట్లాడకూడదన్న నియమం ఆ రెండింటికీ మధ్య తేడా చెప్పగలదా? చెప్పలేదు. రెండింటినీ ఒకే గంపలో పారేస్తుంది. వాటి మధ్య తేడా చెప్పింది, వాటి వెంట వచ్చిన ఫలితాలను ఓపికగా తరచి చూసిన విచారణ.

ఇప్పటిదాకా ఊహలు నిలవడం, ఓడిపోవడం గురించి చెప్పాను. ఊహ చేసే మరో పని ఉంది, అది ప్రశ్న స్వభావాన్నే మార్చేస్తుంది. కెప్లర్ 1596లో, గ్రాజ్‌లో పాఠాలు చెప్పుకుంటూ, గ్రహాలు ఆరే ఎందుకు ఉన్నాయి, వాటి దూరాలు ఇంతింతే ఎందుకు ఉన్నాయి అని అడిగాడు. జ్యామితిలో అన్ని ముఖాలూ ఒకే క్రమ బహుభుజిగా ఉండి, ప్రతి మూలా ఒకేలా ఉండే కుంభాకార ఘనాకృతులు ఐదే ఐదు. వాటిని ఒకదానిలో ఒకటి అమర్చితే మధ్య ఆరు గోళాలకు చోటు దొరుకుతుంది. శనికీ గురుడికీ మధ్య ఘనం, గురుడికీ అంగారకుడికీ మధ్య నాలుగు ముఖాల ఆకృతి, అంగారకుడికీ భూమికీ మధ్య పన్నెండు ముఖాలది, ఇలా బుధుడిదాకా. దూరాలు దాదాపు సరిపోయాయి. ఆయన ఆనందానికి మేర లేదు. ఇప్పుడు మనకు తెలుసు, ఆ జవాబు తప్పు, అసలు ఆ ప్రశ్నే ఆ రూపంలో అడగదగినది కాదు. సూర్యుని వంటి నక్షత్రాలు కోటానుకోట్లు ఉన్నాయి, ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఐదువేలకు పైగా మన పట్టికలకెక్కాయి, ఒక్కొక్క చోట ఒక్కొక్క అమరిక. భూమి సూర్యునికి ఇంతే దూరంలో ఎందుకుందంటే, దాని వెనుక మూల నియమమేదీ లేదు. నీరు ద్రవంగా ఉండగలిగిన దూరంలోనే మనలాంటివారు పుడతారన్నది తప్ప.

అయితే ఇప్పుడు మనం మూల స్థిరాంకాలని పిలుచుకుంటున్నవాటిలో ఏవి కెప్లర్ దూరాల వంటివి? ఈ ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి. స్టీవెన్ వైన్‌బర్గ్ 1987లో విశ్వ స్థిరాంకం విషయంలో అడిగాడు. శూన్యానికి ఉండే శక్తి అది. సిద్ధాంతం చెప్పే సహజమైన అంచనాకూ, పరిశీలన ఒప్పుకునే విలువకూ 1 పక్కన 120 సున్నాలంత తేడా ఉంది. ఏదో తెలియని నియమం వల్ల అది సరిగ్గా సున్నా అయి ఉంటుందని అప్పట్లో చాలామంది భావించేవారు. వైన్‌బర్గ్ ఇలా తర్కించాడు. వేర్వేరు విశ్వాల్లో ఆ విలువ వేర్వేరుగా ఉంటే, అది మరీ ఎక్కువైన చోట పదార్థం గుమిగూడక ముందే చెదిరిపోతుంది, గెలాక్సీలు ఏర్పడవు, చూసేవారూ ఉండరు. కాబట్టి మనం చూసే విలువ ఒక హద్దుకు లోపల ఉండాలి. అంతవరకూ సరే. కాని సున్నాయే కావలసిన అవసరం కూడా లేదు. నియమమేదీ దాన్ని సున్నా చేయకపోతే, హద్దుకు మరీ దూరంగా కాక, సున్నా కాని ఏదో విలువ ఉండటమే సహజం. 1998లో దూరపు సూపర్‌నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, పరిశీలించిన రెండు బృందాలు విశ్వ వ్యాకోచం వేగం పుంజుకుంటోందని ప్రకటించాయి. ఆ విలువ సున్నా కాదు, వైన్‌బర్గ్ హద్దుకు లోపలే ఉంది. దీనివల్ల బహువిశ్వాలు రుజువయ్యాయా? కాలేదు. సున్నా కాని విలువకు ఇంకేదైనా కారణం దొరకవచ్చు. కాని ఏ ముడీ వేయని ఊహ అని మాత్రం దాన్ని ఇక ఎవరూ అనలేరు.

ఈ దారిలో జారిపడే చోట్లు ఉన్నాయి. అదే 1987లో ఇయాన్ హ్యాకింగ్ అనే తత్త్వవేత్త ఒకటి చూపించాడు. ఒక గదిలోకి అడుగుపెట్టగానే ఎవరో పాచికలు వేసి రెండు ఆరులు పడటం చూశారనుకోండి. ఇంత అరుదైన పందెం పడిందంటే వీళ్లు రాత్రంతా ఆడుతూ ఉండాలి అని మీరు అనుకుంటే, తప్పు. ముందు ఎన్నిసార్లు వేసినా ఈ ఒక్క పందేనికి ఉన్న సంభావ్యత మారదు. మన విశ్వం ప్రాణులకు ఇంత అనువుగా ఉందంటే ఇంకా ఎన్నో విశ్వాలు ఉండాలి అనే వాదన కూడా ఇదే పొరపాటు చేస్తోందా? కొందరు అవునంటారు, మరికొందరు కాదంటారు, ఎందుకంటే పాచికలు ఎలా పడ్డా మనం గదిలో ఉంటాం, విశ్వం అనువుగా లేకపోతే మాత్రం చూడటానికి మనమే ఉండం. ఈ తేడా ఎంత బరువు మోస్తుందన్నది ఈనాటికీ సజీవమైన చర్చ. నా మట్టుకు, అనువుగా ఉండటం ఒక్కటే చూపించి బహువిశ్వాలను నిలబెట్టలేమనే అనుకుంటున్నాను. వైన్‌బర్గ్ చేసినట్టు, ఒక ఫలానా విలువ గురించి ముందుగా మాట ఇవ్వాలి.

ఇంతా విన్న తరువాత ఒకరు లేచి, బుద్ధుడు ఈ ప్రశ్నలను పక్కన పెట్టమన్నాడు కదా అని అడగవచ్చు. అడగాలి. లోకం శాశ్వతమా, అశాశ్వతమా, దానికి అంతం ఉందా, లేదా అని శిష్యుడు మాలుంక్యపుత్తుడు నిలదీస్తే, విషబాణం గుచ్చుకున్నవాడు బాణం వేసినవాడి ఊరూ పేరూ తెలిసేదాకా బాణం తీయనివ్వనంటే చచ్చిపోతాడు అన్నాడు బుద్ధుడు. ఈ మాట నాకు తోసిపుచ్చదగినదిగా ఎన్నడూ అనిపించలేదు. దుఃఖం నుంచి విముక్తి కోరి వచ్చినవానికి అది సరైన జవాబు. అయితే ఆ మౌనాన్ని తత్త్వంగా నిలబెట్టాలనుకున్న నాగార్జునుడు ఏం చేశాడో చూడండి. మూలమధ్యమక కారికల చివరి అధ్యాయంలో ఆ ప్రశ్నలన్నిటినీ మళ్లీ ఎత్తుకున్నాడు. లోకానికి అంతం ఉంటే పరలోకం ఎలా కుదురుతుంది, అంతం లేకపోతే మాత్రం పరలోకం ఎలా కుదురుతుంది అని రెండు పక్కలా ఆరోపించి, రెండు పక్కలా పరిణామాలు లాగి చూపించాడు. ప్రశ్నను వదిలిపెట్టాలని చెప్పడానికి కూడా ఆయన ప్రశ్న లోపలికి చివరిదాకా వెళ్లవలసి వచ్చింది. అలా వెళ్లి వచ్చినవారి మౌనాన్ని నేను గౌరవిస్తాను. గుమ్మం దగ్గరే ఆగిపోయి, ఇదంతా వృథా అనేవారితో నాకు పేచీ ఉంది.

భౌతిక శాస్త్రవేత్తల్లోనూ ఈ పేచీ ఉంది. 2014 డిసెంబరులో జార్జ్ ఎల్లిస్, జో సిల్క్ నేచర్‌లో ఒక వ్యాసం రాసి, పరీక్షించే వీలు లేని సిద్ధాంతాలకు సొగసును చూసి మినహాయింపు ఇస్తే భౌతిక శాస్త్రానికి ఉన్న విశ్వసనీయతే పోతుందని హెచ్చరించారు. మరుసటి ఏడాది మ్యూనిక్‌లో భౌతిక శాస్త్రవేత్తలూ తత్త్వవేత్తలూ కలిసి కూర్చుని దీన్నే చర్చించారు. ఎల్లిస్ హెచ్చరికతో నాకు విభేదం లేదు, అన్నంభట్టు కూడా దాన్ని ఒప్పుకునేవాడే: తర్కాన్ని ప్రమాణంగా చలామణీ చేయకూడదు. ప్రజల ముందు నిలబడి ఇతర విశ్వాలు ఉన్నాయని ఖాయంగా చెప్పేవారు చేస్తున్నది సరిగ్గా అదే. దాని నష్టం రేపు వాతావరణం గురించో, టీకాల గురించో శాస్త్రవేత్తలు చెప్పే గట్టి మాటల మీద పడుతుంది.

మరి ఇప్పుడు పని ఎక్కడ మిగిలి ఉంది? తత్త్వశాస్త్రం చదువుతున్న మీకు ఇది చెప్పి ముగిస్తాను. ఇన్‌ఫ్లేషన్ ఆగకుండా సాగితే, జరగగలిగినదంతా అనంతమైన సార్లు జరుగుతుంది. అప్పుడు ఫలానాది అరుదు, ఫలానాది సాధారణం అని ఎలా అనగలం? అనంతంలో అనంతానికి నిష్పత్తి ఏమిటి? సరి సంఖ్యలూ బేసి సంఖ్యలూ సగం సగం అని మనకు అనిపిస్తుంది, కాని రెండు బేసి సంఖ్యల తరువాత ఒక సరి సంఖ్య చొప్పున వరుస మార్చి రాస్తే అదే సంఖ్యల్లో సరివి మూడో వంతు అవుతాయి. విశ్వాలను ఏ వరుసలో లెక్కపెట్టాలి? కాలాన్ని బట్టి లెక్కపెడదామంటే, కొత్తగా పుట్టేవి ప్రతి క్షణమూ పాతవాటిని విపరీతంగా మించిపోతాయి కాబట్టి, మన విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాల కంటే తక్కువ ఉండాలని వస్తుంది. కాని అంత వయసు ఉంది కదా. కాబట్టి ఆ లెక్క తప్పు. ఇంకో విధంగా లెక్కపెడితే బోల్ట్‌జ్‌మన్ మెదళ్లు నిజమైన మనుషులను మించిపోతాయి, కాబట్టి ఆ లెక్కా తప్పు. ఇప్పటిదాకా ఈ లెక్కలను తోసిపుచ్చుతూ వచ్చింది పరికరాలు కావు. అది ఉంటే ఇది ఉండాలి, ఇది లేదు, కాబట్టి అది లేదు అనే మాటే తోసిపుచ్చుతోంది. సంభావ్యత అంటే ఏమిటి, నేను ఫలానా చోట ఉన్నాననే సంగతి నాకు ఏ సమాచారం ఇస్తుంది, అనంతమైన సమూహంలో సాధారణమైనవాడు అంటే అర్థం ఏమిటి అన్నవి భౌతిక శాస్త్రవేత్తలు ఒంటరిగా తేల్చుకోగలిగినవి కావు, వారిలో చాలామంది ఆ మాట ఒప్పుకుంటారు కూడా. సరైన లెక్క ఏదీ లేదని తేలితే ఆగని ఇన్‌ఫ్లేషన్ అనే ఊహ మొత్తంగా పడిపోవచ్చు, అదీ ఒక ఫలితమే. హ్యాకింగ్ పాచికల మీద నేను చెప్పినదానితో మీలో కొందరు ఏకీభవించరని మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. అక్కడి నుంచే ప్రశ్నలు మొదలుపెడదాం.